పైకి చూసే చిన్నాయన, కిందికి చూసే టీచరమ్మ

మొన్న మిట్టమధ్యాహ్నం నారాయణగూడ చౌరస్తాలో నేనెక్కిన ఆటో సిగ్నల్ దగ్గర ఆగింది. ఎక్కడినుంచి వచ్చిందో, పండుమిరపకాయ రంగు తూనీగ ఒకటి వచ్చి ముందు అద్దం తుడిచే పుల్ల కొసన వాలి, తోకను నిటారుగా ఆకాశంలోకి లేపింది. డ్రైవరు గుడ్డ తీసి దాన్ని దులపబోయాడు. "ఉండనీ తమ్మీ, ఆటో కదలంగనే అదే పోతది" అన్నాను. "తూనీగనే గదక్కా, ఏంది గట్ల చూస్తున్నవ్?" అన్నాడతను వెనక్కి తిరిగి. ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు ఒంటికి వేడి తక్కువ తగలాలని తూనీగ అలా తోక లేపుతుందని చెప్పాను. అతను ఒకసారి తూనీగను, ఒకసారి నన్ను చూసి, "నీకెవరు చెప్పిన్రు?" అని అడిగాడు. ఇంతలో పచ్చలైటు పడింది, వెనక బస్సు హారన్ కొట్టింది, తూనీగ ఎగిరిపోయింది. అతనికి జవాబు చెప్పే వీలు లేకపోయింది. చిక్కడపల్లిలో దిగేదాకా మాత్రం ఆ చెప్పిన మనిషే నా కళ్ళముందు మెదులుతూ ఉంది.

ఆమె గురించి చెప్పాలంటే ముందు మా చిన్నాయన గురించి చెప్పాలి. చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. పెళ్ళయిన కొన్నాళ్ళకే చిన్నమ్మ జ్వరంతో పోయింది. మళ్ళీ పెళ్ళి మాటెత్తితే పక్క గదిలోకి వెళ్ళిపోయేవాడట. చూస్తుండగానే ఉద్యోగం అయిపోయింది, రిటైరయ్యాడు, చిక్కడపల్లి గల్లీలో మా ఇంటి పైగదిలోనే ఉండిపోయాడు. అప్పటికి నాన్న లేడు. ఇంట్లో అమ్మ, నేను, పైన చిన్నాయన. పొద్దంతా ఏం చేయాలో తోచక, ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత దుర్భిణి ఒకటి కొనుక్కొచ్చాడు. దాని ఎడమ అద్దానికి బూజు పట్టి ఉండేది. అందుకని చిన్నాయన చూసిన పిట్టలన్నీ సగం మంచులో ఉన్నట్టే కనిపించేవి. అయినా ఆయనకు పిట్టల పిచ్చి పట్టుకుంది. వీధిలో నడుస్తున్నా చూపు కరెంటు తీగల మీదే. కిరాణా దుకాణం ముందు పెట్టిన బియ్యం బస్తాను గుద్దుకున్నాడు, తోపుడు బండిని గుద్దుకున్నాడు, ఒకసారి గుద్దుకున్నది ఆవు అని తెలియక "సారీ అమ్మా" అని కూడా అన్నాడు. "పైకి చూసుకుంట నడువు తమ్మీ, ఏదో ఒకనాడు మోరీల పడితె మేం కిందికి చూసి తీస్తం" అని అమ్మ రోజూ అనేది.

తెల్లవారగానే ఆయన అశోక్‌నగర్ మీదుగా ఇందిరా పార్కుకు వెళ్ళి అక్కడి చెరువు చుట్టూ తిరిగేవాడు. చెరువని మేమంటాం గానీ ఊళ్ళవాళ్ళు చూస్తే కుంట అంటారు. అయితేనేం, మాఘం వెళ్ళి ఫాల్గుణం వస్తుంటే దాని సింగారం దానికుండేది. కానుగ చెట్లు ఉన్న ఆకంతా రాల్చేసుకుని, వారం తిరక్కుండా నూనె రాసినట్టు మెరిసే లేతాకు వేసేవి. బూరుగు చెట్టుకు ఆకు ఒక్కటీ లేకుండా ఎర్రటి పూలు విచ్చుకుంటే గోరింకలన్నీ అక్కడే పంచాయితీ పెట్టేవి. బూడిదరంగులో బీదగా తిరిగే గూడకొంగ ఆ రోజుల్లో వీపు మీద ముదురు మెరూన్ రంగు కప్పుకుని పెళ్ళికొడుకయ్యేది. ఎక్కడో ఆకుల్లో కనపడకుండా కంసాలి పిట్ట టుక్ టుక్ అని రేకు కొడుతూ ఉండేది. ఆ వేళప్పుడు చెరువు మీదనుంచి వచ్చే గాలిలో బురద వాసన, పూల వాసన, దూరంగా రోడ్డు మీద దోసెలు కాలుతున్న వాసన కలిసిపోయి ఉండేవి. అలాంటి పొద్దుటి పూట చిన్నాయన బుడబుంగ ఎక్కడ మునిగి ఎక్కడ తేలుతుందో దుర్భిణిలో చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తుంటే, "ఆగండి! కాలు కింద పెట్టకండి!" అని ఓ ఆడగొంతు గద్దించింది.

చిన్నాయన ఒంటికాలి మీద నిలబడిపోయాడు. "పామా?" అన్నాడు.

"పాము కాదండీ, పురుగు. జిల్లేడాకు మీద ఉంది, మీ చెప్పు పక్కనే. ఇవాళో రేపో గూడు కడుతుంది, తర్వాత సీతాకోకచిలుక అవుతుంది. కాస్త చూసి నడవకూడదూ?"

ఆమె నారాయణగూడలో ఓ ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. కాకినాడ వైపు మనిషి. భర్త ఉద్యోగం వల్ల ఈ ఊరొచ్చి, ఆయన పోయాక కూడా అశోక్‌నగర్‌లో చిన్న అద్దె వాటాలో ఒక్కతే ఉంటోంది. పిల్లలు లేరు. నలిగిన నూలు చీర, చేతిలో భూతద్దం. ఆమె చూపు ఎప్పుడూ నేలమీదే, ఆకుల అడుగునే, చెరువు అంచున తుంగలోనే. తల మీద హంస ఎగిరినా చూడదు. ఆ రోజు ఇంటికొచ్చి చిన్నాయన, "ఒక్క పురుగు కోసం నన్ను కొంగను చేసి నిలబెట్టింది వదినా" అని ఫిర్యాదు చేశాడు. మర్నాడు మాత్రం రోజూకన్నా ముందే లేచి, గడ్డం గీసుకుని వెళ్ళాడు. గడ్డం సంగతి అమ్మ గమనించింది.

ఆ వసంతమంతా వాళ్ళు చెరువు చుట్టూ కలిసే నడిచారు. నడిచారనడం కంటే ఆగారనడం నిజం. ఆయన ఒకచోట పైకి చూస్తూ ఆగితే, ఆమె ఇంకోచోట కూర్చుని కిందికి చూస్తూ ఆగేది. మధ్యలో పోట్లాటలు. ఓ రోజు ఆమె తెల్లవారకముందే వచ్చి తుంగ పక్కన కూర్చుంది. నీళ్ళలోంచి పాకి పైకొచ్చిన తూనీగ పిల్ల పాత తోలు పగలగొట్టుకుని బయటికి రావడం, ముడతలు పడ్డ రెక్కలు మెల్లగా సాగి గట్టిపడడం ఊపిరి బిగబట్టి చూసింది. అది మొట్టమొదటిసారి గాల్లోకి లేచిందో లేదో, తీగ మీదున్న చిన్న పచ్చపిట్ట, తేనెటీగల్ని పట్టి తినే రకం, రివ్వున దూకి దాన్ని ముక్కున కరుచుకుపోయింది. చిన్నాయన చప్పట్లు కొట్టి, "శభాష్! ఏం పట్టింది!" అన్నాడు. ఆమె లేచి, చీర దులుపుకుని వెళ్ళిపోయింది. తర్వాత వారమంతా ఆయన్ని చూసినా చూడనట్టే తిరిగింది. చిన్నాయన అన్నం సగంలో వదిలేసేవాడు. చివరికి ఓ పొద్దున ఎదురుగా వెళ్ళి నిలబడి, "మా పిట్ట తరఫున మాఫీ అడుగుతున్న టీచరమ్మా" అన్నాడట.

"మీ పిట్టకి ఆకలేసింది, తింది. దాని మీద నాకేం కోపం లేదు. మీరెందుకండీ చప్పట్లు కొట్టారు?" అంటూనే ఆమె నవ్వేసిందట.

ఇదంతా నాకెలా తెలిసిందంటే, మా అమ్మ నన్ను గూఢచారిగా పంపింది. గల్లీ చివర ఉండే ఒకావిడ పార్కుకు నడకకు వెళ్ళొచ్చి, "మీ మరిది ఎవరో ఆమెతోని పల్లీలు తినుకుంట కూసున్నడు" అని అమ్మ చెవిలో వేసింది. అమ్మ పరేషాన్ అయిపోయింది. "నువ్వు కూడ రోజు పొయ్యి జర నడిచిరా బిడ్డా, లావైతున్నవు" అంది నాతో. నాకు నలభై నిండుతున్న వయసు, బషీర్‌బాగ్‌లో ఉద్యోగం, పొద్దున లేవాలంటే బద్ధకం. అయినా వెళ్ళాను. వాళ్ళ రహస్యం ఏమిటో ఒక్క రోజులోనే తెలిసిపోయింది. పొట్లంలో ఉన్నవాటిని ఆయన పల్లీలంటాడు, ఆమె వేరుశనగపప్పంటుంది. ఒక పూటంతా గడిచినా అది తేలలేదు. అంతకు మించి నాకేమీ దొరకలేదు. అమ్మకు అదే చెప్పాను. అమ్మ నమ్మలేదు, ఇంకా చూడమంది. ఆ మిషతో నేనూ అలవాటు పడ్డాను. ఒకరోజు ఆయన దుర్భిణి ఇస్తే ఇంకోరోజు ఆమె భూతద్దం ఇచ్చేది. "అమ్మాయ్, ఇలా రా, ఇది చూడు" అని ఆమె పిలిస్తే, మోకాళ్ళ మీద కూర్చుని ఆకు వెనక వరసగా పెట్టిన గుడ్లు చూసేదాన్ని. అంత చిన్నవాటిని అంతసేపు చూడవచ్చని నాకు అంతకుముందు తెలియదు.

అలా మూడో వసంతం వచ్చింది. బూరుగు పూలు రాలుతున్నాయి. ముగ్గురం గట్టు మీద సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఆమె భూతద్దాన్ని కొంగుతో తుడుస్తూ, "వచ్చే నెల కాకినాడ వెళ్ళిపోతున్నానండీ. మా అక్కయ్య బాత్‌రూంలో పడింది. తుంటి విరిగింది. చూసేవాళ్ళెవరూ లేరు" అంది. చిన్నాయన దుర్భిణి కళ్ళకు పెట్టుకున్నాడు. ఎంతకీ దించలేదు. ఆయన చూస్తున్న వైపు నేనూ చూశాను. అక్కడ పిట్ట లేదు, కొమ్మ కూడా లేదు. ఉత్త ఆకాశం.

ఇంటికొచ్చి పైగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మర్నాడు పార్కుకు వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదనేవాడు. అమ్మ కొన్నాళ్ళు చూసింది. ఓ సాయంత్రం మోకాళ్ళ నొప్పులతోనే మెట్లన్నీ ఎక్కి పైకి వెళ్ళింది. వెనక నేను.

"ఏంది తమ్మీ, ఆమె పోతున్నదట గదా?"

"పోతున్నది వదినా."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట? వాళ్ళక్క కోసం పోతున్నది."

"పోవద్దు అని ఒక్క మాట అన్నవా? ఉంటె మంచిగుండు అన్నవా? పోయేటామె పోతది, అది వేరే. నీ కడుపుల ఉన్న మాట ఆమెకు తెల్వాలె గదా. ఈ వయసుల గూడ సిగ్గేంది? పొయ్యి అడుగు."

మెట్లు దిగుతూ, "నువ్వే గదమ్మా నన్ను చూసి రమ్మన్నది?" అన్నాను. అమ్మ గోడ పట్టుకుని ఆగి, "అప్పుడు గట్ల. ఇప్పుడు మనిషి కూడు తింటలేడు" అంది.

ఆమె రైలెక్కే రోజు పొద్దున చిన్నాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. దుర్భిణి తీసుకోలేదు. నన్ను తోడు రమ్మన్నాడు గానీ చెరువు గట్టు ఎక్కాక ఏం చేయాలో చెప్పలేదు. నేను కొంచెం వెనకపట్టున నిలబడ్డాను. మాటలు మాత్రం వినిపించాయి. ఆయన చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. "పోకుంటె కాదా టీచరమ్మా?" అన్నాడు చివరికి. "ఇక్కడనే... మాకు దగ్గర్ల... అంటె, నాతోని ఉంటె మంచిగుంటదని."

నీటికోళ్ళు తామరాకుల మీద అరుచుకుంటూ పరుగెత్తాయి. "మా అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళండీ" అంది తర్వాత. "నాకు జడలేసి, అన్నం పెట్టి, చదువు చెప్పించింది అక్కయ్యే. నా కోసం తను పెళ్ళి కూడా ఆలస్యంగా చేసుకుంది. వెళ్ళకపోతే నేను మనిషినేనా?" ఆమె భూతద్దం సంచిలో పెట్టుకుంది. "మీరు అడుగుతారా అడగరా అని నెల్లాళ్ళుగా చూస్తున్నాను. అడగకుండా పంపించేసుంటే మాత్రం జన్మలో క్షమించేదాన్ని కాదు."

"మంచిది" అన్నాడు చిన్నాయన. ఇంకోసారి "మంచిది" అన్నాడు.

ఎండాకాలమంతా ఆయన గది దాటలేదు. తొలకరి పడ్డాక ఓ పొద్దున అమ్మ సెల్‌ఫోను మోగింది. కాకినాడ నుంచి ఆమె. చిన్నాయనకు ఫోనివ్వమంది. అక్కడ ఉప్పుటేరు గట్టున ఏదో పిట్ట కనపడిందట, తెల్లగా, ముక్కు పైకి వంగి ఉందట, అదేమిటో చెప్పమంది. పురుగు తప్ప ఇంకోటి చూడని మనిషి తలెత్తి చూసిందా అని నాకు ఆశ్చర్యం. చిన్నాయన గుర్తులన్నీ అడిగి, ఆలోచించి, మర్నాడు చెప్తానన్నాడు. మర్నాడు తెల్లవారకుండానే పార్కుకు వెళ్ళాడు. అక్కడ ఏం చూశారని ఆమె అడుగుతుంది కదా! ఇంతకాలం ఆకాశం చూసిన మనిషి జిల్లేడు పొదల పక్కన గొంతుక్కూర్చోవడం మొదలుపెట్టాడు. ఫోను స్పీకరులో పెట్టి గట్టిగా అరిచేవాడు, మా ఇల్లంతా వినేది. "నల్లగున్నది టీచరమ్మా, మీద పసుపు చుక్కలు, ఎనిమిది కాళ్ళున్నయ్." అటునుంచి ఆమె, "ఎనిమిదుంటే అది సాలెపురుగండీ! ఎన్నిసార్లు చెప్పాలి?" అనేది. అమ్మ వంటింట్లో కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. కొన్నేళ్ళు అలా సాగింది. ఆమె అక్కయ్య మంచం దిగలేదు, ఈమె కదలలేదు. ఓసారి రమ్మని ఆమె పిలిస్తే చిన్నాయన టికెట్ కూడా తీసుకున్నాడు, ఆ వారమే అమ్మకు ఒంట్లో బాగోలేక ఆగిపోయాడు. మళ్ళీ ఏడు వెళ్దామన్నాడు. ఆ మళ్ళీ ఏడు రాకముందే, ఓ మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీస్తూ పోయాడు.

ఆ సంగతి ఆమెకు నేనే ఫోను చేసి చెప్పాను. ఎన్నింటికని అడిగింది. తర్వాత, "నిన్న ఏదో రెక్కల పురుగు చూశానన్నారమ్మాయ్, పేరు ఇవాళ చెప్తానన్నాను" అంది. అంతే. ఇప్పుడు ఆమెకు ఎనభై దాటాయి. వినికిడి తగ్గింది. అప్పుడప్పుడూ నేనే ఫోను చేస్తాను. పేర్లు అడుగుతుంది, నాకు రావు. రంగులు చెప్తాను, అరుస్తూ.

ఈ ఫాల్గుణంలో కూడా నేను చెరువు గట్టుకు వెళ్ళాను. పార్కు బయట కొత్తగా కట్టిన వంతెన మీద బండ్ల హోరు ఇక్కడిదాకా వినిపిస్తోంది, తుంగ తగ్గింది, గట్టుకు రాళ్ళు పేర్చారు. కానుగలు మాత్రం ఎప్పటిలాగే లేతాకు వేశాయి. పైకి చూడాలో కిందికి చూడాలో తెలియక కాసేపు ఊరికే నిలబడ్డాను. వాళ్ళిద్దరూ కలిసి నడిచింది మూడు వసంతాలే. నేను యాభైకి పైగా చూశాను. వసంతమని ఎవరన్నా అంటే నాకు గుర్తొచ్చేవి ఆ మూడే. మిగతావన్నీ ఎండాకాలానికి ముందొచ్చే నెలలు.