దొంగిలించి నాటిన గడ్డి గులాబీ

ఈరోజు పది గంటలకు మేడ మీదికి వెళ్ళి చూస్తే, పగిలిన బకెట్లో గుచ్చిన గడ్డి గులాబీలన్నీ ఒక్కసారిగా విచ్చుకుని ఉన్నాయి! మండుటెండ, పైగా వారం రోజులుగా చుక్క నీరు పోయలేదు. అయినా ఎంత రాణీ రంగో! ఎప్పుడూ ఏమీ రాయని నేను రాయకుండా ఉండలేకపోతున్నాను.

మన ఈడు వాళ్ళకు గుర్తుందా? ఈ మొక్కను అడిగి తెచ్చుకుంటే బతకదనేవారు, దొంగిలించే తేవాలట. పాలకొల్లులో మా వీధి మొత్తానికి రాణీ రంగువి సండే స్కూల్ టీచరు గారింట్లోనే, పాత సత్తు బేసిన్ నిండా ఉండేవి. అమ్మకు అవంటే ప్రాణం. అడిగి తెచ్చిన కొమ్మలు రెండుసార్లు కుళ్ళిపోయాయి. మూడోసారి దొంగతనానికి నన్ను పంపింది. చేతకాక గేటు దగ్గరే నిలబడిపోయాను.

"ఏంటయ్యా, కొమ్మ కోసమా?" అన్నారు టీచరు గారు.

తలూపాను.

"అడిగావంటే ఇవ్వను. లోపలికెళ్ళి పాలు చూసొస్తాను. వచ్చేముందు దగ్గుతాలే."

మొగ్గ ఉన్న కొమ్మ తుంచుకుని పరుగెత్తాను. వెనక నుంచి దగ్గు, వెంటనే నవ్వు వినిపించాయి.

ఆ ఆదివారం క్లాసులో బైబిల్లోని పది ఆజ్ఞలు ఒక్కొక్కరి చేత ఒక్కొక్కటి చెప్పిస్తున్నారు. నా వంతుకు దొంగతనం చేయకూడదన్న ఆజ్ఞే వచ్చింది! లేచి తల వంచుకుని నిలబడ్డాను. టీచరు గారు దగ్గరికొచ్చి, వంగి, మెల్లగా అడిగారు.

"పూసిందా?"

"పూసిందండీ!" అని క్లాసంతా ఉలిక్కిపడేలా అరిచాను.