గరిటెడు గంజి, నా మీద ఒట్టు

బుడ్డోడా, నీ దగ్గరికి వద్దామనే బయలుదేరాను. గుత్తి స్టేషన్లో టిక్కెట్టు చేతిలో పట్టుకుని రైలు కోసం కూర్చుని ఉంటే, మన వీధి చివరింటి మామ బస్సు దిగి ఆదరాబాదరాగా వచ్చాడు. నా ముందర నిలబడి తలగుడ్డ తీసి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంటికి పోదాం పామ్మా" అన్నాడు.

"రైలు వచ్చే పొద్దయింది మామా, ఇప్పుడు ఇంటికెందుకు?"

"ఇంగ ఆడికి పొయ్యి పనిల్యాదు తల్లీ. నువ్వు ఇట్ల బస్సెక్కినావు, అట్ల తంతి వచ్చింది."

నా కొడుకు పోయాడని నాకు అట్లా తెలిసింది. రైలు వచ్చింది, ఆగింది, పోయింది. నేను ఆ బల్ల మీదనే ఉన్నాను.

ఇది చదివే అమ్మలకూ అయ్యలకూ నేనొక సంగతి చెప్పుకోవాలి. నాది మూడో తరగతి చదువు. నా కొడుకు వెంట సైకిలు మీద ఊళ్ళు తిరిగిన జతగాడు, "మీరే రాయండమ్మా, నేను అచ్చు వేయించి మేము పోయిన ఊళ్ళకంతా పంపిస్తా" అన్నాడు కాబట్టి రాస్తున్నాను. కర్నూలులో, హైదరాబాదులో, నాగపూరులో ఉండే మన తెలుగువాళ్ళలో ఎవరో ఒకరు ఆ పిల్లలిద్దరికీ ఆకు వేసి వడ్డించి ఉంటారు. నా కొడుకు నాలుగు మెతుకులు తిని లేచి ఉంటాడు. మీ ఇంటి అన్నాన్ని చిన్నచూపు చూశాడని మీరు నొచ్చుకుని ఉంటారు. తప్పు వాడిది కాదు.

మాది ముదిగుబ్బ పక్కన ఒక పల్లె. వాడు రోడ్డు మీద పంచర్లు వేసేవాడు. వానలు లేక అది మూడో ఏడు. తాగే నీళ్ళకే రెండు మైళ్ళు నడుస్తుంటే, ట్యూబు ముంచి చూసేదానికి తొట్టెడు నీళ్ళు ఎక్కడివి? వాడు ట్యూబుకు గాలి కొట్టి చెంపకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని మెల్లగా తిప్పేవాడు. సన్నగా గాలి తగిలిన చోట వేలు పెట్టి "ఈడుండాది" అనేవాడు. ఇంటికి వచ్చేటప్పటికి ఒక చెంప నల్లగా, ఒక చెంప తెల్లగా ఉండేది. కడుక్కోరా అంటే, "నీళ్ళు నాయనకు కావల్లమ్మా" అని తువ్వాలుతో తుడుచుకునేవాడు.

వాళ్ళ నాయన మంచంలో ఉన్నాడు. పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. గడియ గడియకూ పక్క మార్చకపోతే ఒళ్ళు పుండవుతుంది. అందుకని నాకు మంచం, పొయ్యి, మళ్ళీ మంచం. నాలుగేళ్ళుగా సంతకు కూడా పోయి ఎరగను.

నా కొడుకు తిండిపోతు. తల్లి అనగూడదు గానీ నిజం. చెనిక్కాయల చట్నీ ఉంటే మూడు సంగటి ముద్దలు తిని, వేళ్ళు నాకి, "ఇంగ దేశాన్ని యేలొచ్చు" అనేవాడు. చక్రంలో గాలి కొంచెం చాల్లే అనే బేరగాళ్ళతో, "సైకిలుకు గాలి, మనిషికి సంగటి. సగం పెడితే రెండూ నడవవన్నా" అనేవాడు. అట్లాంటివాడు, ఊర్లో గంజి కేంద్రం పెట్టినాక ఇంట్లో అడగడం మానేశాడు.

జతగాడు మా ఊరి బడిలో పంతులు. చిలమత్తూరు పిల్లాడు, వాళ్ళు క్రైస్తవులు. బడి వసారాలోనే గంజి కాచేవాళ్ళు. వీళ్ళిద్దరూ పోసేవాళ్ళు, పెద్దలైనా పిల్లలైనా మనిషికి ఒక గరిటె. కొన్నాళ్ళకు బానలో నీళ్ళే ఎక్కువైనాయి. అప్పుడు ఇద్దరూ అనుకున్నారు, సైకిళ్ళ మీద ఢిల్లీ దాకా ఊరూరూ పోదాం, మన కరువు సంగతి చెప్పి గింజలు అడుగుదాం, ఇచ్చినవాళ్ళు గుత్తికి రైల్లో వేస్తారు అని.

బయలుదేరేనాడు ఊరంతా గంజి వరసలో నిలబడి ఉంది. నేను మొగుణ్ణి పక్క మార్చి, ఒక్క నిమిషం చూసి వద్దామని పోయాను. వరసలో ముందున్న ఒక పెద్దాయన నవ్వుతూ అన్నాడు:

"ఏమప్పా, కరువు పేరు చెప్పి దేశమంతా మేసి వస్తావా? ఈడ గంజి, ఆడ పెండ్లి బువ్వలు."

"వాని పొట్టకు ఢిల్లీ కూడా చాలదులే" అని వెనకనుంచి ఒకామె అంది. అందరూ నవ్వారు. నా కొడుకూ నవ్వాడు. నాకే నవ్వు రాలేదు. నాకు ఉండేదల్లా ఆ కొడుకు ఒక్కడే, వాణ్ణి పదిమందిలో అట్లా అంటే నా ఒళ్ళు మండింది. పోయి వాడి చేయి పట్టి నా నెత్తిన పెట్టుకున్నాను.

"మనూరు గంజి తాగినంత కాలం నువ్వు ఆడ గరిటెడు కంటే ఎక్కువ తినగూడదు. ఒట్టెయ్."

"ఏందిమా ఇది, వాళ్ళు తమాషాకు అంటాండారు."

"ఒట్టెయ్ రా."

వాడు నా మొహం చూశాడు. "నీ మీద ఒట్టు" అన్నాడు. నేను గెలిచినట్లు ఇంటికి వచ్చాను.

రెండు నెలలు కాకముందే గింజలు రావడం మొదలైంది. గుత్తిలో దించి బండ్ల మీద తెచ్చారు. జొన్నలు, కొర్రలు, ఒకచోటి నుంచి గోధుమలు కూడా. బడి వసారాలో గంజి బాన దించేశారు. ఇంటింటా పొయ్యి రాజింది. ఆ మాపు నేను సంగటి గెలికి మొగుడికి పెట్టి, నేనూ కడుపునిండా తిన్నాను. ఊరు గంజి తాగడం మానింది కాబట్టి ఒట్టు దానంతటదే తీరిపోయిందనుకున్నాను. వాడికి కబురు చేయాలని తోచలేదు. గింజలు పంపించింది వాడే, వాడికి తెలియదా అనుకున్నాను. వాళ్ళు ఈ ఊరు నుంచి ఆ ఊరికి పోతూ ఉన్నారు. ఇక్కడ ఏం జరిగిందో వాళ్ళకు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

తర్వాత పంతులు ఉత్తరం వచ్చింది. నాగపూరు దాటినాక వాడు సైకిలు మీద నుంచి పడిపోయాడు. జ్వరం. ఆస్పత్రిలో వేశారు. ఒంట్లో బలం లేదు, తింటే తప్ప మందు పనిచేయదు అంటున్నారు. వాడు గరిటె దాటి ముట్టడం లేదు. మీరు వచ్చి చెప్పండమ్మా అని రాశాడు.

మా పక్క ఒట్టు తీసే పద్ధతి ఒకటి ఉంది. వేయించుకున్నవాళ్ళే తమ నోటితో "ఒట్టు తీసి గట్టున పెట్టినా" అనాలి. చిన్నపిల్లలు కూడా ఆ మాట వినిందాకా నమ్మరు. నేను పోస్టాఫీసుకు పోయి ఆ మాటే తంతి కొట్టమన్నాను. పోస్టుమాస్టరు మంచివాడు, నా వైపు జాలిగా చూశాడు.

"అమ్మా, ఇది ఇంగ్లీషులో పోవల్ల. గట్టూ అదీ అంటే ఆడ ఎవురికీ అర్థం కాదు. 'తినమని అమ్మ చెప్పింది' అని పంపిస్తా."

సరే అన్నాను. ఇంటికి వచ్చినా మనసు ఒప్పలేదు. పోదామంటే మొగుణ్ణి పక్క మార్చేవాళ్ళు లేరు. వాకిలి దాకా వస్తాను, లోపల మంచం కిర్రుమంటుంది, వెనక్కి పోతాను. అట్లా నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు ఆయన కుడిచేయి ఎత్తి వాకిలి వైపు చూపించాడు. ఆయన మాట సరిగా రాదు. "పో" అన్నాడు. చివరింటి మామ పెండ్లాం వచ్చి, "నేను చూసుకుంటా, నువ్వు పా" అంది. ఆ మాట మొదటి రోజే అడిగి ఉంటే ఆమె మొదటి రోజే వచ్చేది. ఎవరినీ అడగని పొగరు నాది.

వాణ్ణి అక్కడే దహనం చేశారు. నెల తిరిగినాక పంతులు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. తంతి అందిందా అని అడిగాను.

"అందిందమ్మా. చదివి వినిపించినా. నవ్వినాడు. 'ఏ అమ్మయినా తినమనే అంటాది గదా పంతులూ, ఒట్టు తీసినట్ల యాడుండాది దాంట్లో' అన్నాడు."

"నువ్వు చెప్పల్యాదా నాయనా?"

"చెప్పినా, కొట్లాడినా. 'మా యమ్మకు ఏమన్నా అయితే నాయన్ని ఎవురు తిప్పుతారు' అన్నాడు."

వాడు నా ప్రాణానికి కాపలా కాసుకుంటూ పోయాడు. నేను ఇక్కడ వాడు పంపిన జొన్నలు తిని బతికి ఉన్నాను. ఈ రెండు మాటల మధ్యనుంచి బయటికి వచ్చే దారి నాకు ఇంకా దొరకలేదు.

ఆ పూట పంతులుకు తట్టలో సంగటి పెట్టాను. ముద్దలో చిన్న తునక తుంచుకుని తిని, చేయి వెనక్కి తీసుకున్నాడు. అడిగితే తల వంచుకుని చెప్పాడు, వాడు తినకుండా ఉంటే తాను ఎట్లా తినేదని మొదటి రోజు నుంచీ తానూ అంతే తిన్నాడట. అదే అలవాటైపోయింది అన్నాడు.

నేను పంతులు దగ్గర కూర్చుని నెత్తిన చేయి పెట్టాను. "ఒట్టు తీసి గట్టున పెట్టినా."

"నాకు ఒట్టేం ల్యాదు గదమ్మా."

"తెలుసులే. తిను."

వాడు ఏడుస్తూ తిన్నాడు. ముద్ద అయిపోయింది. ఇంకొకటి పెట్టాను. వద్దనలేదు. లోపలి మంచంలో నుంచి మా ఆయన తల తిప్పి, పంతులు చేయి తట్టకూ నోటికీ మధ్య పోయి వస్తుంటే చూస్తూ ఉన్నాడు.

నా కొడుకు మీ ఇంట్లో ఆకు ముందర నుంచి లేచిపోయి ఉంటే, వాణ్ణి మన్నించండి. వాడికి మీ వంట నచ్చే ఉంటుంది. మీరు మాత్రం కడుపునిండా తినండి.