గోలీ పడే జాగాలో ఒక బిందె నీళ్ళు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే మస్తానన్న మా వీధిలోకి వచ్చినాడంటే ఆడోళ్ళంతా బిందెలు దాచిపెట్టేటోళ్ళు.

సాయంత్రం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే ఇంటికొక బిందె నీళ్ళు అడుక్కునేటోడు ఆయన. తాగేదానికి కాదు... గ్రౌండులో పోసేదానికి!

మాది గుత్తి పక్కన, రైల్వే స్టేషన్ దగ్గరి వీధి. డెబ్బైల్లో కరువు... బావులన్నీ అడుగంటినాయి. స్టేషన్లో బొగ్గు ఇంజన్లకు నీళ్ళు పట్టే పెద్ద గొట్టం ఉండె. అది కారితే ఆ కారే నీళ్ళకోసరం తెల్లారక ముందే వరస కట్టేటోళ్ళం. అట్ల తెచ్చుకున్న నీళ్ళను నేలపాలు చెయ్యమంటే ఎవురికి మనసొస్తాది చెప్పండి...

మస్తానన్న పోయినాడని తెలిసినకాడి నుంచి ఈ గ్రూపులో అందరూ ఆయన కొట్టిన గోల్స్ గురించి రాస్తాండారు. అన్నీ చదువుతాండా. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, తప్పులుంటే ఏమనుకోవద్దండి. నాకు మీతో ఒక అక్కర పడింది... నా కొడుకు గురించి. అది అడగాలనే రాస్తాండా.

మస్తానన్న ఆట నేనూ చూసినా. నాయన నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకొని పోయేటోడు. ఎడమకాలితో కొడితే బాలు వంకర తిరిగి పోయి గోల్లో పడేది... "కొట్రా మస్తానూ!" అని నాయన అరుస్తాంటే పైనున్న నేను అదిరిపోయేదాన్ని.

మోకాలు పోయినంక ఆయన్నే టీముకు మేనేజరు చేసినారు. మేనేజరంటే కుర్చీ, గదీ ఏం లేవు... బాలుకు గాలి కొట్టేది, తెగిన బూట్లు కుట్టేది, నీళ్ళు అడుక్కునేది అంతా ఆయనే.

మా గ్రౌండు బండ మాదిరి ఉండె, పైన గరుసు మన్ను. గోలీ... అదే, గోలు కాసే పిల్లోడు... బాలు కోసరం దూకి పడితే మోచేతుల తోలు, తుంటి తోలు లేచొచ్చేది. అందుకే గోలీ పడే జాగాను నీళ్ళు పోసి మెత్తగా చేసేది మస్తానన్న పద్ధతి. రెండు పక్కలా చేసేటోడు.

ఒకసారి మా పక్కింటి రామక్క అడ్డం తిరిగింది.

"ఏమప్పా మస్తానూ, గొంతు తడుపుకునేకే లేవంటే నేలకు పొయ్యల్లనా? సరే, మనోనికి పోస్తాంలే. ఆ గుత్తోళ్ళ గోలీకి కూడా మేమే పరుపు పరచల్లనా?"

"సగం ఆటయినంక పక్కలు మారతారు కదక్కా! అప్పుడు మనోడు ఆ పక్కకే పోవల్ల..."

వీధంతా ఒకటే నవ్వు. రామక్కకు రోషమొచ్చి బిందె ఎత్తుకొని లోపలికి పోయింది. మా అమ్మ మాత్రం మా బిందె తీసి నా నడుం మీద పెట్టింది. "ఆ పక్క గోల్లోనే పొయ్‌పా... వాడూ ఒక తల్లి బిడ్డేగా" అనింది.

నా పెండ్లి మామ కొడుకుతో, అదే వీధిలోనే అయింది. మాకు ఓబులేసు ఒక్కడే. వాన్ని గోలీని చేసింది మస్తానన్నే. ఎట్ల పడల్లో నేర్పినాడు... "చెయ్యి ఆనిచ్చొద్దురా, ఇరుగుతాది. మొదట భుజం ఆనల్ల, తర్వాత నడుం." వాడు వాకిట్లో గోనెసంచులు పరుచుకొని పడతానే ఉండేటోడు.

నేను ఆదివారాలు కూడా చెనిక్కాయల మిల్లుకు పోతాంటి. మ్యాచులు జరిగే పొద్దుకు పనిలో ఉండేదాన్ని. అందుకని మస్తానన్నే మా గడపలో నిలబడి, "ఈ పొద్దు నీ కొడుకు ఏం పట్టినాడమ్మా..." అని చేతులు చాపి చూపించేటోడు. ఓబులేసు సిగ్గుపడి వంటింట్లోకి పోయేటోడు.

మళ్ళీ కరువొచ్చింది. వాడు బెంగుళూరుకు బిల్డింగు పనికి పోయినాడు. పైనుంచి పడినాడు...

మీసం కూడా సరిగా రాలేదప్పా వానికి.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం మస్తానన్న కుంటుకుంటా బిందె ఎత్తుకొని గ్రౌండుకు పోయినాడంట. ఆ పొద్దు మ్యాచ్ లేదు, ఆడేటోళ్ళు లేరు. ఓబులేసు పడే జాగాలో పోసి నిలబడినాడంట. ఇది చూసిన రామక్క ఇంటికి ఉరికి, తన బిందె తెచ్చి అక్కడే పోసింది. ఏడ్చుకుంటా వచ్చి తనే నాకు చెప్పింది.

అప్పటినుంచి మస్తానన్న మా ఇంటికొచ్చినప్పుడల్లా వాడు పట్టిన బాలు ఒకటి చెప్పేటోడు. తాడిపత్రి టీము కొడితే వేళ్ళ కొసలతో పైకి నెట్టింది... కండ్లలో దుమ్ము పడినా పెనాల్టీ ఆపింది...

"అన్నా, నిజంగా జరిగిందేనా, నా కోసరం చెప్తాండావా?" అని ఒకసారి అడిగేసినా.

"వేరే యాడన్నా చెప్తానేమో గానీ, ఆటలో అబద్ధం చెప్పనమ్మా" అనినాడు.

ఇప్పుడు ఆయన కూడా పోయినాడు. నాకు చెప్పేటోళ్ళు ఎవురూ లేరు. నా దగ్గర వాని ఫోటో ఒకటుండాది. అందులో వాడు ఊరికే నిలబడి ఉండాడు...

స్టేషన్లో ఆ గొట్టం లేదు. గ్రౌండులో ఇండ్లు లేసినాయి. ఇప్పుడు మా ఇంట్లోకే కొళాయి నీళ్ళొస్తాండాయి. బిందె నిండినంక చేత్తో పట్టుకొని నిలబడిపోతా... యాడ పొయ్యల్లో తెలీదు.

మస్తానన్న టీము ఆట చూసినోళ్ళు ఇంతమంది ఉండారే ఈడ... పసుపు చొక్కా, పొడుగు చేతులు, సన్నగా ఉండె మా ఓబులేసు. వాడు పట్టిన బాలు ఒక్కటన్నా మీకు గుర్తుంటే రాయండప్పా. చిన్నదైనా సరే.

వాడు ఎట్ల కింద పడినాడో బెంగుళూరోళ్ళు నాకు చెప్పినారు... ఎట్ల ఎగిరేటోడో మీరు చెప్పండి.