మునిరత్నం అన్న గాజు సీసాలు

నిన్న పొద్దున ఏడున్నరకి ఫోన్. మునిరత్నం అన్న లేడట.

నమ్మలేదు. చెప్పినవాళ్ల మీద కోపం కూడా వచ్చింది. ముందురోజు సాయంత్రమే నాతో టీ తాగి, ఇంటికని నగరి బస్ ఎక్కిన మనిషి.

హార్ట్ అటాక్ అన్నారు. అందులో నాకు డౌట్ లేదు. నా డౌట్లన్నీ వేరే.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. అన్న మా ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్. తిరుపతి మురుగునీళ్లలో మన హార్మోన్లను పాడుచేసే కెమికల్స్ ఎంత ఉన్నాయో కొలవడం మా పని. సబ్బులు, ప్లాస్టిక్, మాత్రలు, అన్నీ చివరికి కాలవలోకే కదా.

అన్నకి అన్నిటిమీదా అనుమానమే. ప్లాస్టిక్ క్యాన్ ముట్టనిచ్చేవాడు కాదు, దాంట్లోంచే కెమికల్ దిగుతుందని. గాజు సీసాలే. అవి కూడా తనే కడగాలి.

చేరిన కొత్తలో ఒకరోజు హ్యాండ్ క్రీమ్ రాసుకుని శాంపిల్స్ పట్టాను. వాసన పట్టేశాడు. పన్నెండు సీసాలూ పారబోశాడు.

"మనం కొలిసేది కాలవ నీళ్లనా, నీ చేతులనా?" అన్నాడు, అంతే.

బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. మర్నాడు తనే తోడొచ్చి మళ్లీ పన్నెండూ పట్టించాడు.

పోయిన వారం ఒక ప్రైవేట్ ప్లాంట్ శుద్ధి చేశామని వదిలే నీళ్లు టెస్ట్ చేశాం. పేరు ఇక్కడ రాయను. లోపలికి పోయే నీళ్లకీ బయటికొచ్చే నీళ్లకీ పెద్ద తేడా లేదు. ఆ నీళ్లతోనే దిగువన ఆకుకూరలు పండిస్తున్నారు.

రెండోసారి కూడా అదే వస్తేనే రిపోర్ట్ ఇస్తానన్నాడు అన్న. అవే నీళ్లు పట్టిన జత సీసాలు ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేశాడు. సోమవారం చేద్దామనుకున్నాం.

నిన్న నగరిలో అన్నకి ఇంకా స్నానం కూడా చేయించలేదు. మా హెడ్ ఆఫీసు నుంచి ఒకాయన నాకు ఫోన్ చేశాడు. ఎలా పోయాడని అడగలేదు.

"ఫ్రిజ్ తాళం యాడ పెట్టినాడమ్మా?"

గంటలో మూడుసార్లు.

ఎందుకంత తొందర సార్? ఏనాడైనా మా ల్యాబ్ గడప తొక్కారా మీరు? ఆ ఫ్రిజ్ నిన్ననే ఎందుకు గుర్తొచ్చింది?

తెలీదన్నాను. నిజంగానే తెలీదు. అన్న ఎప్పుడూ అటు తిరిగే దాన్ని బయటికి తీసేవాడు.

నేను నగరి చేరాక, అన్నకి స్నానం చేయించేటప్పుడు దొరికింది. మొలతాడుకి కట్టుకున్నాడు. వాళ్ల తమ్ముడు తెచ్చి వదిన చేతిలో పెట్టాడు. ఆమె కాసేపు దాన్నే చూసి, లేచి వచ్చి నా గుప్పిట్లో పెట్టి మూసింది.

"ఎవురికీ ఇయ్యొద్దమ్మా. ఆయన నన్ను కూడా దీన్ని ముట్టుకోనీలేదు."

కాబట్టి సార్, మీరు ఈ పోస్ట్ చూస్తారని తెలుసు. తాళం నా దగ్గరే ఉంది. సోమవారం అందరి ముందూ తెరుస్తాను.

వెళ్లిరా అన్నా. ఇకనైనా ఎవర్నీ అనుమానించకుండా ప్రశాంతంగా పడుకో.

ఆ పని నేను చూసుకుంటా.