దాచిన జ్వరం

మరిపెడ నుంచి మహబూబాబాద్ వెళ్లే బస్సులో, చంటిపిల్లను ఎత్తుకున్న ఒక తండా అమ్మాయి నా పక్కన కూర్చుంది. కాసేపు నన్నే చూసి, "అక్కా, మా తండకు సూదుల గురించి చెప్ప వచ్చింది నువ్వే గద?" అంది.

అవునన్నాను, కాస్త గర్వంగానే. పసిపిల్లలకు టీకాలు వేయించమని జీతం లేకుండా ఇంటింటికీ తిరిగి చెప్పేదాన్ని.

"ఏం కాదన్నవ్. సూది ఏపిచ్చుకొని ఇంటికి పోంగనే పిల్ల ఒళ్లు కాలిపోయింది. రెండు దినాలు సరిగ పాలు తాగలే. మా అత్త నన్ను తిట్టని తిట్టు లేదు. తండల ఇప్పుడు ఎవ్వరు సూది ఏపిస్తలేరు."

జ్వరం రావచ్చని నాకు తెలుసు. చెబితే భయపడి రారని దాచాను.

"ఇప్పుడు యాడికి పోతున్నవ్ చెల్లె?"

"దవాఖానకే, రెండో సూదికి. తల్లిగారింటికని ఇంట్ల అబద్ధం చెప్పి వచ్చిన. ఈసారి గూడ జ్వరమొస్తదా?"

"రావొచ్చు. ఒకటి రెండు రోజులుండి తగ్గిపోతది."

"గంతేనా? గా మాట అప్పుడే చెప్తే మేం ఇనకపోతుంటిమా?"

ఆమె గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను. దిగే ముందు పిల్లను నా చేతుల్లో పెట్టి, కొంగు సర్దుకుని, మళ్లీ తీసుకుంది. పేరు అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

తర్వాతి వారం ఆ తండాకు వెళ్లి, ప్రతి గడపలో జ్వరం సంగతి చెప్పాను. చాలామంది నమ్మలేదు. వాళ్లను తప్పుపట్టలేకపోయాను.