మైకు లియాఖత్ ముందరి పళ్ళు

హాలియాలో కొత్త సినిమా వచ్చిందంటే ముందుగా వినిపించేది లియాఖత్ అలీ గొంతు. యాదయ్య తొక్కే రిక్షాకు రెండువైపులా పోస్టర్లు కట్టి, మైకు పట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా, ఆయన తెలుగు వినబడితే నాట్లు వేసే ఆడవాళ్ళు నడుము ఎత్తి చూసేవారు.

తొంభై అయిదు వేసవిలో, కాలువకట్ట మీద రిక్షా చక్రం గుంతలో పడింది. నోటి దగ్గరున్న మైకు ఎగిరి పళ్ళకు తగిలింది. పైవరుసలో ముందరి పళ్ళు రెండూ ఊడి చేతిలోకి వచ్చాయి.

పుండు మానింది కానీ మాట మారింది. 'స' అనబోతే గాలి పోయేది. కొన్నాళ్ళు అలాగే మైకు పట్టాడు. అంగట్లో జనం నవ్వారు. టాకీసు యజమాని హైదరాబాదులో రికార్డు చేయించిన క్యాసెట్ తెచ్చి రిక్షాలో పెట్టించాడు.

లియాఖత్ ఇల్లు కదలడం మానేశాడు. పెళ్ళికి పిలిస్తే జ్వరమనేవాడు. "గంటలకొద్ది మాట్లాడేటోడు, గిప్పుడు ఉప్పు కావాల్నన్నా వేలు చూపిస్తున్నడు" అని భార్య ఖమర్ యాదయ్య దగ్గర చెప్పుకుంది.

గుంత చూసుకోనిది తానేనన్న బాధ యాదయ్యకు ఉండనే ఉంది. ఒక పొద్దున వచ్చి, "అంగీ తొడుక్కో భాయ్. నల్లగొండల పళ్ళ డాక్టరమ్మ ఉన్నదంట, పోదాం" అన్నాడు.

"ముసలోని లెక్క కట్టుడు పళ్ళు పెట్టుకోవాల్నా?"

"పెట్టుకోకు. చూపించుకో, గంతే."

డాక్టరమ్మ నోరు చూసి నిదానంగా చెప్పింది. తీసి పెట్టుకునే పళ్ళూ ఉన్నాయి. లేదంటే ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళను అరగదీసి, వాటికి తొడుగులు వేసి, మధ్యలో రెండు కొత్త పళ్ళను వాటితో కలిపి వంతెనలా అతికించవచ్చు.

"మంచి పళ్ళను అరగదీసుడేందమ్మా?"

"వాటి బలం మీదనే కొత్తవి నిలబడ్తయి చాచా."

లియాఖత్ కుర్చీలో ముందుకు జరిగాడు. "గట్టిగ అరిస్తే ఊడనిది ఏది?"

"వంతెనే."

"అయితే గదే కట్టు."

పళ్ళ అచ్చు తీశాక, రంగు ఎంచుకోవడానికి ఆమె నమూనా పళ్ళ వరుస తెచ్చి, తెల్లనిదొకటి ఆయన పెదవి దగ్గర పెట్టింది. లియాఖత్ అద్దంలో చూసుకుని తల అడ్డంగా ఊపాడు. ఆయన పుట్టింది మునుగోడు దిక్కు. అక్కడి ఫ్లోరైడు నీళ్ళకు పళ్ళు గారపట్టి పెరిగినవాడు.

"గింత తెల్లగ వద్దమ్మా. పక్కవాటి లెక్క పచ్చగ, గా గోధుమరంగు మచ్చతోటి చెయ్. నా పళ్ళు నా ఊరి నీళ్ళ పళ్ళు."

"మచ్చలు తియ్యమనేటోళ్ళే అందరు. పెట్టమన్నది నువ్వొక్కనివే" అని డాక్టరమ్మ నవ్వింది. కానీ మచ్చ వేయించింది.

అతికించిన కొత్తలో నోట్లో ఎవరివో పళ్ళున్నట్టు నాలుక తడబడింది. రోజూ పేపరు పైకి చదవమని ఆమె చెప్పి పంపింది. లియాఖత్ చదువుతుంటే తెలుగు అక్షరాలు రాని ఖమర్ బియ్యం ఏరుతూ వినేది. రాజకీయాలు, ధాన్యం ధరలు, చావు కబుర్లు అన్నీ విన్నది. ఒక్కో అక్షరమే దారికొచ్చింది. 'స' అన్నింటికంటే ఆఖరున.

టాకీసుకు వెళితే, క్యాసెట్‌తో పని జరుగుతోందన్నాడు యజమాని. లియాఖత్ ఆ రోజు పేపరు ముట్టుకోలేదు.

చలికాలంలో పిల్లలకు బళ్ళలో పోలియో చుక్కలు వేస్తామని ఊరూరా చాటడానికి ఆరోగ్య కేంద్రం వాళ్ళు యాదయ్య రిక్షా అడిగారు. "రిక్షాతోటి మనిషి గూడ ఉన్నడు సార్. ఊరందరికి ఎరుకైన గొంతు" అన్నాడు యాదయ్య.

చుక్కలు వేసే రోజు లియాఖత్ పిలుపు విని పిల్లల్ని ఎత్తుకుని తల్లులు బయటికి వచ్చారు. మనవరాలిని చంకనేసుకున్న నర్సింగమ్మ అనే ముసలావిడ రిక్షాకు అడ్డం నిలబడి ఆయన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు లియాఖత్‌వేనా? సచ్చిపోయినవనుకున్న గదయ్యా."

"లేదమ్మా, ఇంట్లనే ఉన్న" అన్నాడు లియాఖత్. "ముందుగాల పిల్లను బడికాడికి తీస్కపో. చుక్కలేసుకొని రా, నిమ్మలంగ మాట్లాడుకుందం."