రెడీ బాబాయి

మా బాబాయికి ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట మీద ప్రాణం. అది 'రెడీ'. "పెళ్ళికి బయలుదేరాలి" అనండి, "రెడీ!" అంటాడు. "ఇల్లు అంటుకుంది" అనండి, అప్పుడూ "రెడీ!" అనే అంటాడు. ఆ తర్వాత తువ్వాలు చుట్టుకుని సబ్బు కోసం వెతుకుతాడు.

రెడీ అంటే సిద్ధం అని లోకమంతటికీ తెలుసు. బాబాయి వాడుకే వేరు. ఉత్త "రెడీ" అంటే ఇంకా గడ్డం గీసుకోలేదని అర్థం. "ఎప్పుడో రెడీ" అంటే చొక్కా ఇస్త్రీ నుంచి రాలేదని. "ఆల్రెడీ రెడీ" అన్నాడంటే ఇక మనం చెప్పులు విప్పేసి, కుర్చీ లాక్కుని కూర్చోవచ్చు.

ఆయన పుణ్యమా అని మేము చూసిన ఏ సినిమాకీ మొదలు లేదు. మేమెక్కాల్సిన రైళ్ళన్నిటి వెనక పెట్టెలూ మాకు బాగా పరిచయం.

విచిత్రమేమిటంటే, ఆయనది బడి బస్సు డ్రైవరు ఉద్యోగం. ఆ బస్సు కోసం ఏ పిల్లా వీధి మలుపులో పడిగాపులు పడిన పాపాన పోలేదు.

"బస్సుకి రాని ఆలస్యం ఇంట్లోకెలా వస్తుందిరా?" అని నాన్న పళ్ళు నూరేవాడు.

"బస్సుకి హారనుంది అన్నయ్యా, నాకు లేదుగా!" అనేవాడు బాబాయి.

అక్క పెళ్ళి రోజున వ్యాను గుమ్మం ముందు ఆగింది. పెళ్ళికూతురితో సహా అందరం ఎక్కేశాం. బాబాయి, నాయనమ్మ మాత్రం ఇంకా మేడ మీదే ఉన్నారు.

"ఒరేయ్, రెడీయేనా?" నాన్న కేక పెట్టాడు.

"ఎప్పుడో రెడీ! ఒక్క షూ కనబడట్లేదు, అంతే!"

అక్క ముఖంలో ఏడుపు ఒక్కటే తక్కువ. నాన్న తల పట్టుకుని, "వెళ్ళి వాణ్ణి లాక్కురావే" అని నన్ను తరిమాడు.

మెట్లెక్కి చూద్దును కదా, బాబాయి గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, కోటు తొడుక్కుని, తనకే పెళ్ళన్నట్టు మంచం మీద కూర్చున్నాడు. ఒక షూ కాలికుంది. రెండోది ఒళ్ళో ఉంది!

"బాబాయ్! ఇదేమిటి?"

"ష్!" అని లోపలి గది వైపు చూపించాడు.

తలుపు సందులోంచి నాయనమ్మ కనబడింది. వణికే వేళ్ళతో స్వెటరు గుండీలు పెట్టుకుంటోంది. ఒకటి పడితే ఇంకోటి ఊడుతోంది.

"నేను పెట్టనా?" అన్నాను మెల్లగా.

"వద్దు. ఆ మధ్య మీ పిన్ని పెట్టబోతే, 'నేనేం చంటిపిల్లనా' అని రోజంతా అలిగింది. తనవల్ల ఆలస్యమైందని తెలిస్తే ఇక గడప దాటదు. నావల్లయితే ఏముంది? నాకు తిట్లు అలవాటేగా!"

"అయితే ఆ సబ్బూ, చొక్కా... అన్నీ ఇందుకేనా?"

బాబాయి ఒళ్ళోని షూ దుమ్ము దులిపాడు. "సబ్బు ఒకసారి నిజంగానే పోయిందే."

లోపల చేతికర్ర టక్కుమంది. బాబాయి చటుక్కున షూ తొడుక్కుని, "దొరికింది, దొరికింది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

నాయనమ్మ ఠీవిగా బయటికొచ్చింది. "మళ్ళీ నీ మూలంగానే ఆలస్యం. నన్ను చూసి నేర్చుకోరా!"

"అలాగేనమ్మా."

కిందికి రాగానే నాన్న విరుచుకుపడ్డాడు. "ఎక్కడ దొరికిందే వీడి షూ?"

"మంచం కింద, మూలకెక్కడో. నేను దూరి తీయబట్టి సరిపోయింది!" అన్నాను ముఖం చిట్లించి.

బాబాయి దోషిలా తల వంచుకుని వ్యానెక్కాడు. ప్రాణం పోయినా ఎవరికీ ఇవ్వని కిటికీ పక్క సీటు ఆ రోజు నాకిచ్చాడు.